కాటన్ జలపటం, కాలువ పడవ: గోదావరి డెల్టా నౌకాయాన చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

గోదావరి డెల్టా కాలువలను సాగునీటి కట్టడాలుగా మాత్రమే చూడటం తెలుగు చరిత్ర రచనలో స్థిరపడిన అలవాటు. నిర్మించిన నాడు అవి సరుకుల పడవలకూ, ప్రయాణికుల పడవలకూ దారులు కూడా. ఆ అనుభవాన్ని ఆధారం చేసుకొని సర్ ఆర్థర్ కాటన్ దేశమంతటికీ ఒక జలమార్గ పటాన్ని ఊహించాడు. ఆ పటం కాగితం మీదే మిగిలిపోయింది. దాని కొసన ఉన్న డెల్టా కాలువల్లో మాత్రం పడవ తరాలపాటు నడిచింది. ఆ ఊహ ఎందుకు విఫలమైందో, కాలువ పడవ ఎందుకు నిలిచిందో, తరువాత ఏ కారణాల వల్ల కనుమరుగైందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పడవను తప్పించింది రైలేనన్న సాధారణాభిప్రాయాన్ని పునఃపరిశీలించడం దీని ప్రధానోద్దేశం.

కీలకపదాలు: గోదావరి, ఆర్థర్ కాటన్, ధవళేశ్వరం, లాకులు, గూటిపడవ, దుమ్ముగూడెం, బకింగ్‌హాం కాలువ, జలరవాణా.

ఉపోద్ఘాతం

తెలుగువారి నౌకాచరిత్ర అనగానే చర్చ సముద్రం వైపు మళ్లుతుంది. శాతవాహనుల నాణేల మీది ఓడ, గణపతిదేవుడి మోటుపల్లి అభయశాసనం, కోరంగి రేవులోని ఓడల నిర్మాణం పదేపదే ప్రస్తావనకు వచ్చే అంశాలు. లోతట్టు నీటి మీద నడిచిన పడవకు ఈ చరిత్రలో చోటు చాలా తక్కువ. ఇందుకు కారణం లేకపోలేదు. సముద్రం మీద పోయే ఓడ వెంట రాజశాసనం, విదేశీ వర్తకుడు, యాత్రికుల రచనలు ఉంటాయి. నది మీద పోయే పడవ ధాన్యం బస్తాలను, పుట్టింటికి వెళ్లే ఆడపడుచును, తీర్థానికి బయలుదేరిన ముసలివాళ్లను మోసింది. అటువంటి ప్రయాణాలకు శాసనాలు వేయించినవారు లేరు.

భాష మాత్రం ఆ జ్ఞాపకాన్ని వదులుకోలేదు. దోనె, నావ, పడవ, తెప్ప, పుట్టి, బల్లకట్టు, గూటిపడవ, పంటు, లాంచీ – వీటిలో ఒక్కొక్క పేరు ఒక్కొక్క నీటికీ, ఒక్కొక్క పనికీ చెందినది. వెదురుతో బుట్టలా అల్లి తోలు కప్పిన పుట్టి తుంగభద్రా కృష్ణా తీరాలది. మనుషులతోపాటు పశువులనూ బండ్లనూ ఏరు దాటించేది బల్లకట్టు. ఎండవానలకు ఆగేలా పైన కప్పు వేసినది గూటిపడవ. రేవు దాటించినందుకు ఇచ్చే కూలికి ‘కేవు’ అన్న ప్రత్యేక పదమే నిఘంటువులకెక్కింది. పరాయి భాషనుంచి వచ్చిన ‘లాకు’ డెల్టాలో ఎంతగా ఇంటిమాట అయిందంటే, ఆత్రేయపురం సమీపంలోని లొల్ల లాకుల పేరు తెలియనివారు ఆ ప్రాంతంలో ఉండరు. ఆ లాకులు పడవల కోసం కట్టినవన్న సంగతి మాత్రం అక్కడికి విహారానికి వెళ్లేవారిలో ఎందరికి స్ఫురిస్తుందో చెప్పలేము.

ఆనకట్టకు ముందు, తరువాత

ఆనకట్టకు పూర్వం గోదావరి మీద పడవ నడక ఋతువులకు లోబడి ఉండేది. వర్షాకాలంలో వరద వడి, వేసవిలో ఇసుక తిన్నెలు. వరదకూ ఎండుకూ మధ్యనున్న కొద్ది నెలలే సరుకు రవాణాకు అనుకూలం. ఎగువ అడవుల టేకు, వెదురు తెప్పలుగా కట్టి ప్రవాహంతో దిగువకు వదిలేవారు. దిగువకు వచ్చేది నది తెచ్చిపెట్టేది. ఎగువకు పోవలసిన ఉప్పును మాత్రం మనిషే లాక్కుపోవాలి. నదీ రవాణాలోని ఈ అసమత్వం తరువాతి కథనంతటినీ అర్థం చేసుకోవడానికి అవసరమైన విషయం.

1832–33 నాటి డొక్కల కరువు, దాని వెనుక వచ్చిన తుఫానులు, వలసలు గోదావరి మండలాన్ని కుంగదీశాయి. కాటన్ 1840ల మధ్యలో డెల్టాను పరిశీలించి నివేదిక సమర్పించాడు. 1847లో ధవళేశ్వరం వద్ద మొదలైన ఆనకట్ట పని 1852లో పూర్తయింది. నది నడుమ ఉన్న లంకలను ఆసరా చేసుకొని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అన్న నాలుగు భాగాలుగా దానిని కట్టారు. తూర్పు డెల్టాకు ధవళేశ్వరం నుంచి, మధ్య డెల్టాకు బొబ్బర్లంక నుంచి, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం నుంచి ప్రధాన కాలువలు బయలుదేరాయి. నీటిని వదిలే తూముల పక్కనే పడవలు దిగడానికి లాకులు కట్టడం ఈ నిర్మాణంలోని గమనార్హమైన అంశం. పంటకు నీరు, పడవకు దారి అనే రెండు ప్రయోజనాలనూ ఒకే కాలువతో సాధించాలన్నది మొదటినుంచీ ఉన్న సంకల్పం. జార్జి వాల్ష్ 1896లో డెల్టా నిర్మాణాల మీద ప్రచురించిన గ్రంథం చదివినవారికి ఇది స్పష్టమే. తరువాతి తెలుగు రచనల్లో మొదటి ప్రయోజనం కీర్తనకు నోచుకోగా, రెండవది అధోజ్ఞాపికగా మారింది.

లాకు పనితీరు సరళమైనది. కాలువ మట్టం ఒక్కసారిగా దిగే చోట ముందూ వెనుకా తలుపులున్న గది వంటి కట్టడం ఉంటుంది. పడవ గదిలోకి వచ్చాక వెనుక తలుపులు మూస్తారు. చిన్న తూము తీస్తే గదిలోని నీరు మెల్లగా తగ్గి, దానితోపాటు పడవ కూడా కింది మట్టానికి దిగుతుంది. అప్పుడు ముందు తలుపులు తెరుచుకుంటాయి. ఎగువకు పోయే పడవకు ఇదే పని తలకిందులుగా జరుగుతుంది. బరువు ఎంతైనా ఎత్తేది నీరే. మనిషి చేయవలసింది తలుపు తోయడమే. వరస పడవలు ఆగే చోటు గనుక లాకు దగ్గర నిరీక్షణ తప్పదు. నిరీక్షణ ఉన్న చోట వంట, బేరం, కబురు ఉంటాయి.

కాటన్ ఊహించిన జలప్రపంచం

డెల్టాలో దక్కిన ఫలితం కాటన్‌ను అక్కడితో ఆగనివ్వలేదు. భారతదేశానికి ముందు కావలసినవి జలమార్గాలే గాని రైళ్లు కావని ఆయన దశాబ్దాలపాటు వాదించాడు. 1872లోనూ, 1878లోనూ బ్రిటిష్ పార్లమెంటు సెలెక్టు కమిటీల ముందు సాక్ష్యమిచ్చాడు. గంగ మీదుగా ఎక్కి సింధు మీదుగా దిగే కలకత్తా–కరాచీ మార్గం, గోదావరి మీదుగా ఎక్కి తపతి మీదుగా దిగే కాకినాడ–సూరతు మార్గం, తుంగభద్ర వెంట పోయి పడమటి సముద్రం మీది కార్వారు చేరే మార్గం, పాలఘాటు కనుమ గుండా కోయంబత్తూరు మీదుగా పోయే మార్గం ఆయన పటంలోని ముఖ్య రేఖలు. వీటికి ఆయన వేసిన వ్యయపు అంచనా మూడు కోట్ల పౌండ్లు. కాకినాడ రేవులో సరుకెత్తిన పడవ భూమి మీద కాలు మోపకుండానే సూరతులో దించగలదన్నది ఆ పటం ఇచ్చిన హామీ.

ఈ ఊహను పిచ్చి ఊహగా కొట్టివేయడం తేలిక. దాని వెనుకనున్న ఆర్థిక తర్కం మాత్రం గట్టిది. పేద దేశంలో కదలవలసిన సరుకు అత్యధికంగా ధాన్యం, ఉప్పు, కలప, పత్తి. ఇవి బరువు ఎక్కువ, వెల తక్కువ అయినవి. వీటికి వేగం కన్నా చౌక ముఖ్యం. రైలు వేగాన్ని అమ్ముతుంది. దాని కిరాయి భరించలేని సరుకు ఉన్న ఊరిలోనే ఉండిపోతుంది. పైగా నాటి రైల్వే కంపెనీలకు ఐదు శాతం రాబడికి ప్రభుత్వం పూచీపడింది. నష్టం వస్తే తీర్చేది భారతీయ రైతు కట్టిన పన్ను. కాటన్ ఈ విషయాన్ని దాపరికం లేకుండా చెప్పాడు. రమేశ్ చంద్ర దత్తు వంటి జాతీయార్థిక చరిత్రకారులు ఆయన వాదనను ఆదరంతో ఉటంకించడానికి కారణమిదే.

లోపం ఆర్థిక తర్కంలో కాక భూమి స్వరూపాన్ని అర్థం చేసుకోవడంలో ఉంది. డెల్టా చదునైన నేల. నది అక్కడ నేల కన్న ఎత్తుగా ప్రవహిస్తుంది. గట్టుకు తూము పెడితే నీరు తనంతట తానే పొలానికి దిగుతుంది, పడవ దాని వెంట పోతుంది. దక్కను పీఠభూమి అటువంటిది కాదు. గోదావరి పరీవాహకానికీ తపతి పరీవాహకానికీ మధ్య ఎత్తైన నేల ఉంది. పడవ దానిని ఎక్కాలంటే మెట్టుమెట్టుకూ లాకు కావాలి, ప్రతి లాకుకూ పైనుంచి నీరు కావాలి. అంత నీరు శిఖర ప్రాంతంలో, అందునా వేసవిలో, దొరకదు. డెల్టా ఇచ్చిన విజయమే కాటన్‌ను ఈ విషయంలో తప్పుదారి పట్టించిందనడం సమంజసం. 1878 నాటి కమిటీ ఆయన పథకాన్ని ఆమోదించలేదు.

దుమ్ముగూడెం అనుభవం

కాటన్ పటం పూర్తిగా కాగితానికే పరిమితమైందనడం కూడా సరికాదు. దానికి రెండు చోట్ల పరీక్ష జరిగింది.

మొదటిది ఎగువ గోదావరి నౌకాయాన పథకం. వార్ధా లోయ పత్తిని ప్రాణహిత, గోదావరుల మీదుగా తూర్పు తీరానికి చేర్చాలన్నది లక్ష్యం. దారిలో మూడు రాతి అడ్డంకులు ఉన్నాయి. మొదటిది భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం, రెండవది ఇంద్రావతి సంగమ ప్రాంతాన ఇంచంపల్లి, మూడవది ప్రాణహిత మీది దేవలమర్రి. ఒక్కొక్క అడ్డంకి పక్కనా ఆనకట్టతో నీటిని నిలిపి, కాలువ తవ్వి, లాకులతో పడవను దాటించాలని ఇంజనీర్లు తలపెట్టారు. డెల్టా పనుల్లో అనుభవం గడించిన హేగ్ ఈ పనికి సారథ్యం వహించాడు. తక్కువ లోతులో నడిచే ఆవిరి పడవలు తెప్పించారు. మధ్య పరగణాల చీఫ్ కమిషనరు రిచర్డ్ టెంపుల్ పథకాన్ని ఉత్సాహంగా సమర్థించాడు.

1861–65 మధ్య అమెరికా అంతర్యుద్ధం వల్ల ఇంగ్లండు మిల్లులకు పత్తి కొరత ఏర్పడింది. ఆ కొరత ఉన్నంతకాలం పథకానికి అడిగినవారు అడిగినట్లు మద్దతు దొరికింది. యుద్ధం ముగిసింది, ధర పడింది. 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూరు చేరింది. పత్తి తూర్పుకు రాకుండా పడమటికి పోయింది. అడవి జ్వరాలు కూలీలనూ, అధికారులనూ ఏటా మంచాన పడేశాయి. నదిలో పడవకు చాలినంత నీరు ఏడాదిలో కొన్ని నెలలే ఉంటుందన్న పాత సత్యం మారలేదు. 1871లో పని నిలిపివేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట, లాకు కట్టడాలు ఆ ప్రయత్నానికి సాక్ష్యంగా మిగిలాయి. వీటిని చూసి రైలు ముందు పడవ ఓడిందని చెప్పడం పరిపాటి. కాలక్రమాన్ని గమనిస్తే రైలుతోపాటు పత్తి ధర, జ్వరం, నీటి కొరత కూడా ఈ ఓటమిలో భాగస్వాములేనని తెలుస్తుంది.

రెండవ పరీక్ష కర్నూలు–కడప కాలువ. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ప్రభుత్వ పూచీతో సుంకేసుల వద్ద తుంగభద్ర నీటిని మళ్లించి తవ్విన ఈ కాలువలోనూ పడవల కోసం లాకులు కట్టారు. పడవలకు గాని, నీటికి గాని ఆశించిన గిరాకీ రాలేదు. 1882లో ప్రభుత్వం కాలువను కొనుగోలు చేసింది. రాయలసీమ మెట్టరైతు వరికి నీరు తీసుకోవడానికి అప్పటికి సిద్ధంగా లేడు. సరుకే లేని చోట పడవ ఏమి మోస్తుంది?

కాలువ పడవ

ఈ రెండు వైఫల్యాల నీడ డెల్టా కాలువల మీద కూడా పడింది. వాస్తవానికి అక్కడ పడవ బాగా నడిచింది. కాకినాడలో బయలుదేరిన పడవ తూర్పు డెల్టా కాలువల గుండా ధవళేశ్వరం చేరి, ఆనకట్ట ఎగువన గోదావరి దాటి, విజ్జేశ్వరం లాకులో దిగి ఏలూరు కాలువ పట్టుకొనేది. ఏలూరు నుంచి బెజవాడ. అక్కడ కృష్ణను ఆనకట్టకు ఎగువన దాటి సీతానగరం వైపు కాలువలో ప్రవేశించి, దుగ్గిరాల మీదుగా కొమ్మమూరు కాలువలో సాగి పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువను అందుకొంటే చివరి మజిలీ మద్రాసు. 1806లో మద్రాసు–ఎన్నూరుల మధ్య కొక్రేన్ కాలువగా మొదలై, ఉత్తరానికి క్రమంగా సాగిన ఆ ఉప్పునీటి కాలువకు 1877–78 కరువు పనుల్లో మద్రాసు నగరంలోని లంకె తవ్వారు. నాటి గవర్నరు పేరే దానికి స్థిరపడింది. కాటన్ కలగన్న దేశవ్యాప్త జలపటంలో నిజమైన ముక్క ఏదైనా ఉంటే ఈ తీరరేఖే.

సరుకులో ధాన్యానిదే అగ్రస్థానం. ఉప్పు, కలప, వెదురు, పొగాకు, బెల్లం, కొబ్బరికాయలు, ఇటుక, సున్నం దాని వెంట ఉండేవి. శ్రీహరికోట అడవి నుంచి మద్రాసు పొయ్యిలకు వంటచెరకు పోయింది కూడా ఈ నీటి మీదనే. గాలి కలిసివస్తే తెరచాప, లోతు తక్కువైన చోట గడ, మిగిలిన వేళల్లో గట్టు మీద నడుస్తూ తాడు పట్టి లాగే మనుషులు – ఇదే పడవ నడిచే తీరు. చుక్కాని దగ్గర ఒకడు, తాడు పట్టి ఇద్దరు. వేగం మనిషి నడకే. అయితే బండి ఎడ్లు లాగలేనంత బరువును నీటి మీద ఇద్దరు మనుషులు లాగగలరు. కాటన్ లెక్కలన్నిటికీ మూలం ఈ చిన్న సత్యమే.

ప్రయాణికుల పడవలు ఎక్కువగా రాత్రిపూట నడిచాయి. ఎండ ఉండదు, నిద్రలోనే దారి తరుగుతుంది, తెల్లవారేసరికి కోర్టు పనికో, పెళ్లికో ఊరు చేరవచ్చు. ఈ రాత్రి ప్రయాణాల లోపలి వాతావరణాన్ని తెలుసుకోవడానికి కార్యాలయ పత్రాలకన్న పాలగుమ్మి పద్మరాజు ‘పడవ ప్రయాణం’ కథ మెరుగైన ఆధారం. రంగి, పద్దాలు అనే ఇద్దరి బతుకును ఒక ప్రయాణికుడి కళ్లతో చూపించే ఆ కథలో సరుకు దొంగతనం, పడవవాళ్ల అనుమానాలు, చీకటిలో మాటలు కనిపిస్తాయి. కల్పనను చరిత్రకు ఆధారంగా తీసుకోవడంలో జాగ్రత్త అవసరమే. కాని పాత్రలు కల్పితమైనా వారిని కూర్చోబెట్టిన పడవ కల్పితం కాదు. తొలి పాఠకులకు అది తాము ఎక్కి దిగిన పడవే. కాలువ రవాణాలో ఎవరు ఎవరిని నమ్మేవారు, సరుకుకు ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్నలకు సుంకం లెక్కల్లో సమాధానం దొరకదు.

రైలు వచ్చిన తొలినాళ్లలో పడవకు పని పెరిగిన సందర్భం కూడా ఉంది. 1893 నాటికి తూర్పుతీర రైలు ఈ జిల్లాలకు వచ్చింది. గోదావరి మీద 56 ఖానాల హేవలాక్ వంతెన తెరుచుకున్నది 1900లో. ఆ మధ్య ఏళ్లలో కొవ్వూరులో దిగినవారు రాజమండ్రిలో మళ్లీ రైలెక్కాలంటే నదిని పడవ మీదే దాటాలి. వంతెన వచ్చాక కూడా ప్రధాన మార్గానికి దూరంగా, గోదావరి పాయల మధ్య ఉన్న కోనసీమకు రైలు అందలేదు. కాకినాడ–కోటిపల్లి మార్గం 1928లో గౌతమి ఒడ్డుదాకా వచ్చి ఆగింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1940లో, ఆ పట్టాలు కూడా పీకి తరలించారు. తిరిగి వేసింది 2004లో. కోటిపల్లి రేవులో రైలు వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. రేవు మాత్రం ఉంటూనే ఉంది.

ఎవరి నీరు?

పడవ తగ్గిపోవడానికి మూలకారణాన్ని కాలువలోనే వెదకాలి. పంటకు పారే నీరు కావాలి, పడవకు నిలిచే నీరు కావాలి. వడి పెరిగితే పొలాలకు నీరు త్వరగా అందుతుంది, ఎగువకు లాగే మనిషికి మాత్రం భారం రెట్టింపవుతుంది. వడి తగ్గిస్తే పడవకు సుఖం, కాలువలో ఒండ్రు మేట వేస్తుంది. వేసవిలో మరమ్మతులకు కాలువ కట్టివేసినప్పుడు పడవలు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. ఏడాదిలో రెండు నెలలు మూతపడే దారిని నమ్మి ఏ వర్తకుడైనా ఎంతవరకు పెట్టుబడి పెడతాడు? రెండవ పంటగా దాళ్వా విస్తరించిన కొద్దీ రబీలో మిగిలే నీరు ఇంకా తగ్గింది. ఈ తగాదా వచ్చిన ప్రతిసారీ తీర్పు రైతు పక్షానే వచ్చింది. రాబడి లెక్క అలా ఉంది మరి: నీటిపన్ను ముందు పడవల సుంకం, లైసెన్సు రుసుము చాలా స్వల్పం. పడవ వల్ల రైతుకు, వర్తకుడికి మిగిలిన కిరాయి ఏ ప్రభుత్వ ఖాతాలోనూ జమ కాదు. కాటన్ పదేపదే ఎత్తి చూపినది ఈ లోపాన్నే. చరిత్రకారులు కూడా అదే ఖాతా పుస్తకాలను ఆధారం చేసుకొన్నందువల్ల పడవ వారి దృష్టిలోనూ స్వల్పమైపోయింది.

రెండవ కారణం మరింత విచిత్రమైనది. పడవ లాగేవారు నడిచిన గట్టే క్రమంగా కంకర రోడ్డయింది, తారు రోడ్డయింది. బస్సు, లారీ వచ్చి పడవకు పోటీగా నిలిచింది పడవ కోసం తొక్కి గట్టిపరచిన దారి మీదే. రోడ్లకు అడ్డం వచ్చిన కాలువల మీద తక్కువ ఎత్తు వంతెనలు కట్టారు. వాటి కింద తెరచాప కొయ్య పట్టదు, గూటిపడవ కప్పు కూడా కష్టమే. ఇంజను అమర్చిన లాంచీల అలలు మట్టిగట్లను కోసివేస్తాయి గనుక సన్నని కాలువల్లో అవి నిలదొక్కుకోలేదు. విశాలమైన నది మీద, రాజమండ్రికి ఎగువన పాపికొండల నడుమ, భద్రాచలం దారిలో స్థిరపడ్డాయి. 1973 నాటి ‘అందాల రాముడు’ చలనచిత్రం చూసినవారికి ఆ ప్రయాణం సుపరిచితమే. బకింగ్‌హాం కాలువను 1960ల నడిమి తుఫానులు దెబ్బతీశాయి. మద్రాసు నగరంలో దాని గర్భంలోనే తరువాత రైలు స్తంభాలు లేచాయి. 1982లో పూర్తయిన 175 గేట్ల కొత్త బ్యారేజీకి కాటన్ పేరు పెట్టారు. 2002లో యానాం–ఎదుర్లంక వంతెనతో గౌతమి మీద మరొక పెద్ద రేవు ప్రాముఖ్యం తగ్గింది.

ఈ మార్పుల్లో పడవవాళ్లు ఏమయ్యారన్నది డెల్టా సామాజిక చరిత్రలో ఎవరూ సరిగా పట్టించుకోని ప్రశ్న. కాలువ తవ్వినవాడికి ఊరూరా విగ్రహం ఉంది, ధవళేశ్వరంలో ప్రదర్శనశాల ఉంది. మే 15న ఆయన జయంతికి పూలదండలు పడతాయి. ఆ గౌరవం అర్హమైనదే. తాడు భుజాన వేసుకొని ఆ గట్ల మీద నడిచినవారి పేర్లు మాత్రం ఏ ఫలకం మీదా లేవు. వారిలో కొందరు చేపల వేటకు మళ్లారు, కొందరు ఇసుక పడవలకు, మరికొందరు ఒడ్డుకు.

2008లో కేంద్రప్రభుత్వం కాకినాడ–పుదుచ్చేరి కాలువలనూ, గోదావరి కృష్ణల కొన్ని భాగాలనూ కలిపి 1,078 కిలోమీటర్ల నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించింది. పటం చూస్తే పేర్లన్నీ పాతవే: కాకినాడ, ఏలూరు, కొమ్మమూరు, బకింగ్‌హాం. ఆ దారిలో మళ్లీ సరుకు కదలాలంటే వంతెనలు ఎత్తాలి, లాకులకు కొత్త తలుపులు వేయాలి, పూడిక తీయాలి. ఇవి ఇంజనీర్లు చేయగలిగిన పనులే. దాళ్వా చేలు నెర్రెలిచ్చే వేళ పడవ తేలడానికి కాలువలో ఎన్ని అడుగుల నీరు నిలపాలి, ఆ నీటిని ఎవరి తూము దగ్గర ఆపాలి అన్న పాత తగాదాకు మాత్రం ఆ పటం మీద గీత లేదు.